మొదటి రోజే కబురు పెట్టండి

మాది జువ్వలదిన్నె. నెల్లూరు జిల్లా బోగోలు మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. 2024 ఆగస్టు 30న ప్రధానమంత్రి మహారాష్ట్రలోని పాల్ఘర్ నుంచి మా చేపల రేవును ప్రారంభించారు కదా, అప్పుడు మీలో కొందరు ఆ పేరు వినే ఉంటారు. నేను పదకొండేళ్లుగా ఊరికి దూరంగా, ఒక పట్టణంలో, వీధికుక్కలకు వైద్యం చేసే షెల్టర్‌లో పని చేస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. డాక్టరుగారు సూది వేసేటప్పుడు కుక్కను పట్టుకుంటాను, పుండ్లు కడుగుతాను, కట్లు కడతాను, రాత్రిళ్లు సెలైన్ బాటిల్ పక్కన కూర్చుంటాను.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లాను. పొద్దున్నే ఒడ్డుకు పోతే బోర్లించిన పడవ నీడలో ఒక కుక్క కనిపించింది. ఒళ్లంతా నల్లగా నిగనిగలాడుతోంది. దగ్గరికి పోతే ఆ నలుపు దాని రంగు కాదని తెలిసింది. బోటు ఇంజన్‌లోంచి తీసేసిన కాలిన ఆయిల్‌ను తల నుంచి తోక దాకా పోశారు. లోపల చర్మం ఏనుగు తోలులా మందం కట్టి, మడతల్లో చీలికలై ఉంది. వల బాగు చేసుకుంటున్న పెద్దాయన తలెత్తి చూశాడు.

"గజ్జి పోద్దని పోసినాం అబ్బయా. గీరుకోలేక చస్తా ఉండింది పాపం" అన్నాడు.

ఆయన మాటలో జాలి ఉంది. ఆ జాలిని నేను తప్పు పట్టను. ఆ కుక్కను చూసి రాయి విసరకుండా, తనకు తెలిసిన వైద్యం ఏదో చేశాడు. కానీ కుక్క ఒంటి మీద ఏది పోసినా నాకుతుంది. కాలిన ఇంజన్ ఆయిల్‌లో ఉండే విషాలన్నీ నాలుక మీదుగా కడుపులోకి పోతాయి. గజ్జి తగ్గేలోపు కాలేయమూ మూత్రపిండాలూ దెబ్బతింటాయి. ఆ రోజు మా చెల్లెలి కొడుకూ నేనూ కలిసి ముందు కొబ్బరినూనె రుద్ది ఆ జిడ్డును వదులు చేశాం. తర్వాత గిన్నెలు తోమే సబ్బునీళ్లతో, గోరువెచ్చటి నీళ్లతో మూడుసార్లు కడిగాం. నాలుగో బక్కెట్‌కి దాని అసలు రంగు బయటపడింది. ఎర్రమట్టి రంగు.

గజ్జి అంటే కంటికి కనిపించనంత చిన్న పురుగు చర్మంలో సొరంగాలు తవ్వుకుని కాపురం పెట్టడం. దానికి ఐవర్‌మెక్టిన్ అనే మందుంది. జపాన్‌లో మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి వచ్చింది. దాన్ని కనిపెట్టినందుకు సతోషి ఒమురా, విలియం క్యాంప్‌బెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలకు 2015లో నోబెల్ బహుమతి ఇచ్చారు. కుక్క బరువు చూసి డాక్టరు చెప్పిన మోతాదులో పడితే, వారాల్లోనే బొచ్చు మొలవడం మొదలవుతుంది. ఖరీదైన మందేమీ కాదు. ఇంత తేలిగ్గా తగ్గే జబ్బుతో మా రాష్ట్రంలో ఎన్ని కుక్కలు ఎండలో బొచ్చూడి, చీము కారుతూ, తరిమిన చోటల్లా తిరిగి చచ్చిపోతున్నాయో తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

ఇక షెల్టర్‌లో రోజు ఎలా మొదలవుతుందో చెబుతాను. పొద్దున ఆరింటికి గేటు తీయగానే ముందు వాసన వస్తుంది. బ్లీచింగ్, చీము, తడిసిన గోనెపట్టాలు. అంటుజబ్బుల గదిలోకి పోయేముందు చెప్పులు మార్చుకుంటాం, బ్లీచింగ్ నీళ్లున్న పళ్లెంలో పాదాలు ముంచుతాం. లోపలికి పోయి మొదట చూసేది కుక్కను కాదు, రాత్రి పెట్టిన గిన్నెను. గిన్నె నాకేసి ఉంటే ఆ రోజు మా నడక వేరుగా ఉంటుంది. పెట్టిన పెరుగన్నం పెట్టినట్టే ఎండిపోయి ఉంటే, ఎవరూ ఏమీ మాట్లాడకుండా సెలైన్ స్టాండ్ అక్కడికి జరుపుతాం.

బయటివాళ్లు ఎక్కువ భయపడేది పురుగులు పడిన కుక్కను చూసి. నిజానికి మా చేతుల్లో ఎక్కువగా బతికేది కూడా అదే. ఈగ పచ్చిపుండు మీద గుడ్లు పెడుతుంది. ఒక్క రోజులోనే అవి పురుగులవుతాయి. ఒంటి మీద మరోచోట పుండైతే కుక్క నాక్కుని శుభ్రం చేసుకుంటుంది. చెవి వెనకా, నడినెత్తి మీదా, మెడ మీదా నాలుక అందదు. అందుకే పురుగులు ఎక్కువగా అక్కడే పడతాయి.

ఒకసారి చెవి వెనక నా బొటనవేలు పట్టేంత బొక్కతో ఒక కుక్క వచ్చింది. మూతికి గాజుగుడ్డ కట్టాం. అది కోపిష్ఠిదని కాదు, నొప్పికి ఎంత మంచి కుక్కయినా కరుస్తుంది. చుట్టూ బొచ్చు కత్తిరించాం. టర్పెంటైన్‌లో ముంచిన దూదిని పిండి, బొక్క అంచున ఉంచాం. ఎక్కువ పోస్తే మాంసం కాలిపోతుంది, అందుకని పిండాలి. లోపల గాలి ఆడక పురుగులు వాటంతటవే పైకి వస్తాయి. తెల్లగా, నూకల్లా, ఒకదాని మీద ఒకటి. చిమ్టాతో ఒక్కొక్కటే తీసి నీళ్ల గిన్నెలో వేస్తుంటాం. లెక్కపెట్టడం నాకు అలవాటు. ఆ రోజు నూట ఎనభై దాటాక లెక్క వదిలేశాను. సెలైన్‌తో లోపలంతా కడిగి, మందు పొడి చల్లి, కట్టు వేశాం. ఒక్కసారితో అయిపోదు. లోపల దాక్కున్నవి మర్నాడు మళ్లీ వస్తాయి. మూడు రోజులు, నాలుగు రోజులు ఇదే పని. ఐదో రోజు లోపల చీము పోయి ఎర్రటి కొత్త కండ కనిపించింది. డాక్టరుగారు టార్చి వేసి చూసి "కండ పట్టింది" అన్నారు. మా దగ్గర ఆ రెండు మాటలకు ఉన్న విలువ మరి దేనికీ లేదు.

ఆ కుక్క మొదటి రోజు కట్టు పూర్తవగానే నా మణికట్టు మీద గడ్డం ఆనించి నిద్రపోయింది. ఎన్ని రోజులైందో అది నిద్రపోయి! నేను అరగంట చెయ్యి తియ్యలేదు. పక్కన ఇంకో మూడు కుక్కలు వరసలో ఉన్నాయి, డాక్టరుగారు నన్ను పిలిచారు కూడా. అయినా తియ్యలేదు.

ఇంకో జబ్బు గురించి చెప్పాలి. సముద్రం ఒడ్డు ఊళ్లవాళ్లకు ఇది చెప్పాలని నాకు ఎప్పటినుంచో కోరిక. వీధికుక్కల మర్మావయవాల దగ్గర కాలీఫ్లవర్ పువ్వులా కండ పెరిగి రక్తం కారడం మీరు చూసే ఉంటారు. చాలామంది అసహ్యించుకుని తరిమేస్తారు. అది ఒక రకం క్యాన్సర్. కలయిక వల్ల ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు అంటుకుంటుంది. ఆశ్చర్యం ఏమిటంటే, అంటుకునేది క్రిమి కాదు, ఆ క్యాన్సర్ కణాలే. వేల ఏళ్ల కిందట ఎక్కడో బతికిన ఒకే ఒక్క కుక్క ఒంట్లో పుట్టిన కణాలు ఈనాటికీ ప్రపంచమంతా కుక్క నుంచి కుక్కకు పాకుతూనే ఉన్నాయని శాస్త్రవేత్తలు తేల్చారు. భయపెట్టే మాటలా ఉంది కదూ. కానీ దీనికి మందుంది. పేరు విన్‌క్రిస్టిన్. వారానికి ఒకసారి నరంలోకి ఎక్కిస్తారు. నాలుగు నుంచి ఆరు వారాల్లో చాలా కుక్కలకు పూర్తిగా నయమైపోతుంది. ఆ మందు దేన్నుంచి తీస్తారో తెలుసా? బిళ్లగన్నేరు నుంచి. మన ఇసుక నేలల్లో, ఇళ్ల ముందు, గుళ్ల పక్కన ఎవరూ నీళ్లు పోయకపోయినా పూసే ఆ గులాబీరంగు పువ్వుల మొక్క.

ఈ మాట విని ఎవరూ బిళ్లగన్నేరు ఆకు నూరి కుక్కకు పెట్టొద్దు. దయచేసి పెట్టొద్దు, ఆ మొక్క విషం. ఆ మందు కూడా నరంలోంచి ఒక్క చుక్క బయటికి జారితే చుట్టూ మాంసం కుళ్లిపోతుంది. అందుకే అది ఎక్కించేటప్పుడు ఇద్దరం పట్టుకుంటాం, చేతులకు తొడుగులు వేసుకుంటాం, ఆ పది నిమిషాలూ గదిలో ఫోన్ మోగినా ఎవరూ ఎత్తరు.

ఇప్పుడు పార్వో. ఈ పేరు ఎత్తడానికే నాకు కష్టంగా ఉంటుంది. 1978 ప్రాంతంలో ప్రపంచమంతా ఒక్కసారిగా బయటపడిన వైరస్ ఇది. ముఖ్యంగా రెండు మూడు నెలల కూనలను పట్టుకుంటుంది. పొద్దున ఆడుకున్న కూన సాయంత్రానికి మూల పట్టుకుని కూర్చుంటుంది. వాంతులు, తర్వాత రక్తం కలిసిన విరేచనాలు. పేగు లోపలి పొర ఊడి వస్తుంది. ఒంట్లో రోగంతో పోరాడే తెల్ల రక్తకణాలు పడిపోతాయి. వైరస్‌ను చంపే మందు మా దగ్గర లేదు. మనం చేయగలిగింది, కూన ఒళ్లు తనంతట తాను గెలిచేదాకా దాన్ని ఎండిపోకుండా, చల్లబడిపోకుండా కాపాడటం. అందుకు సెలైన్, వాంతులు ఆపే సూది, యాంటీబయాటిక్, గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా.

రెండు కిలోల కూనకు నరం దొరకడం ఎంత కష్టమో! నీరు తగ్గిపోయిన ఒంట్లో నరం దారప్పోగులా ఉంటుంది. దొరికాక చుక్కలు లెక్కపెట్టాలి. చిన్నపిల్లలకు వాడే మైక్రో డ్రిప్ గొట్టంలో అరవై చుక్కలు ఒక మిల్లీలీటరు. ఎక్కువ పోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, తక్కువైతే ఎండిపోతుంది. అందుకే రాత్రంతా ఒకరు మెలకువగా ఉండాలి. వైద్యం అందని కూనల్లో పదింట తొమ్మిది చనిపోతాయి. మొదటి రోజే వైద్యం మొదలైతే ఎక్కువ భాగం బతుకుతాయి. తేడా అంతా ఆ మొదటి రెండు రోజుల్లోనే ఉంది.

ఒక వానాకాలం రాత్రి చేపలు పంపే థర్మాకోల్ పెట్టెలో నాలుగు కూనలను తెచ్చారు. తెచ్చిన కుర్రాళ్లు మంచి పిల్లలు. తడిసి ముద్దయ్యారు. ఎన్నాళ్లుగా ఇలా ఉన్నాయని అడిగితే, "నాలుగు రోజులన్నా, తగ్గిపోద్దిలే అనుకున్నాం" అన్నారు. తెల్లారేసరికి రెండు పోయాయి. మూడోది మధ్యాహ్నం పోయింది. నాలుగోది, అన్నింటికన్నా బక్కది, మూడో రోజు పొద్దున కోడి ఉడికించిన నీళ్ల వాసనకు తల ఎత్తింది. ఒక చెంచా తాగింది. ఆ కూనను చూసి మేం సంతోషించాం, నిజమే. కానీ ఆ పెట్టె ఇప్పటికీ నా కళ్లలో మెదులుతూనే ఉంటుంది. ఆ కుర్రాళ్లు మొదటి రోజు వచ్చి ఉంటే నాలుగూ కాకపోయినా మూడన్నా దక్కేవని నా నమ్మకం.

డిస్టెంపర్ అని ఇంకొకటుంది. కళ్లకు పుసి, ముక్కు వెంట చిక్కటి చీమిడి, దగ్గు. రెండు మూడు వారాల తర్వాత, తగ్గిందని అందరం అనుకునే వేళ, అది మెదడుకు ఎక్కుతుంది. దవడలు టకటకా కొట్టుకుంటాయి, మూర్ఛలు వస్తాయి. అలాంటి కుక్కకు చీకటి గది కావాలి, చప్పుడు ఉండకూడదు. కొన్ని గంటలకొకసారి పక్క మార్చి పడుకోబెట్టాలి, లేకపోతే ఒరిపిడి పుండ్లు పడతాయి. బతికినవాటిలో కొన్నింటికి ఒక కాలో, తలో జీవితాంతం అదురుతూనే ఉంటుంది. మా దగ్గర ఒకదానికి ఎడమ ముందుకాలు తాళం వేస్తున్నట్టు ఎప్పుడూ కొట్టుకుంటుంది. ఆ కాలితోనే గేటు దాకా పరిగెత్తుకొచ్చి నన్ను కలుస్తుంది.

బతకనివాటి సంగతి దాచను. మూర్ఛలు ఆగక, మందుకు లొంగక, లేవలేక అరుస్తున్న కుక్కను అలాగే ఉంచడం దయ కాదు. నయం కాని జబ్బుతో, బతకలేని గాయంతో ఉన్న కుక్కకు అర్హత ఉన్న పశువైద్యుడి చేత, పద్ధతి ప్రకారం మత్తు మందుతో నొప్పి లేని మరణం ఇవ్వడానికి జంతు జనన నియంత్రణ నిబంధనలు అనుమతిస్తాయి. 2001లో వచ్చిన నిబంధనల్లోనే, మరో కుక్క చూస్తుండగా ఆ పని చేయకూడదని రాశారు. ఆ వాక్యం రాసినవారెవరో నాకు తెలియదుగానీ వారికి నా దండం. ఆ సమయంలో మా డాక్టరుగారు దాని పేరు పెట్టి పిలుస్తూనే ఉంటారు. పేరు లేకుండా వచ్చిన కుక్కకు కూడా వచ్చిన రోజే ఒక పేరు పెడతాం, ఇందుకోసమే అనిపిస్తుంది నాకు.

రేబిస్ అనుమానం ఉన్న కుక్క మాత్రం వేరు. దాన్ని విడిగా పెడతాం. దానికి వైద్యం లేదు. లక్షణాలు బయటపడ్డాక సాధారణంగా పది రోజులు దాటి బతకదు. మేమందరం ముందుగానే టీకాలు వేయించుకుని ఉంటాం. వినేవారికి ఒక్కటి చెబుతాను. కుక్క కరిచినా, గోకినా పసరు పూయొద్దు, కారం అద్దొద్దు. కారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి పోయి టీకా వేయించుకోండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల రోజులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు చేతికే వేస్తారు. ఎన్ని మోతాదులు చెబితే అన్నీ పూర్తి చేయండి, మధ్యలో మానొద్దు.

ఇదంతా వింటూ, ఊళ్లో మనుషులకే దిక్కు లేదు, కుక్కలకు ఇంత అవసరమా అనుకునేవారు ఉంటారు. మా ఇంట్లోనే అన్నారు. వాళ్లకు నా జవాబు ఇదే. మనం నెల్లూరువాళ్లం, తిక్కన ఊరివాళ్లం. భారతం మొదట్లో, నన్నయ రాసిన ఆదిపర్వంలో, ఏ తప్పూ చేయని కుక్కపిల్లను జనమేజయుడి తమ్ముళ్లు కొడితే, దాని తల్లి సరమ వచ్చి రాజును నిలదీస్తుంది. చివర్లో, మన తిక్కన రాసిన మహాప్రస్థానిక పర్వంలో, వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానంటాడు ధర్మరాజు. అంత పెద్ద కథకు అటు చివరా ఇటు చివరా కుక్కను నిలబెట్టినవాళ్లకు మనుషుల కష్టాలు తెలియక కాదు.

మన రాష్ట్రాల్లో ఈ పని మొదలుపెట్టినవారు ఉన్నారు. హైదరాబాదులో అక్కినేని అమల 1992లో బ్లూక్రాస్ నెలకొల్పారు. విశాఖలో 1996 నుంచి వి.ఎస్.పి.సి.ఎ. అనే జంతు సంరక్షణ సంస్థ పని చేస్తోంది. పుట్టపర్తిలో క్లెమెంటీన్ పావ్స్ అనే డచ్ మహిళ 2000లో కరుణ సొసైటీ పెట్టారు. మాకు దగ్గరి మహానగరం మద్రాసులో కెప్టెన్ వి. సుందరం 1959లోనే బ్లూక్రాస్ ఆఫ్ ఇండియాకు పునాది వేశారు. కానీ కోస్తా పొడవునా చిన్న ఊళ్లకు ఇవేవీ అందేంత దూరంలో లేవు.

షెల్టర్ అనగానే ఊళ్లో కుక్కలన్నింటినీ పట్టి అందులో పడేయొచ్చు అనుకుంటారు. కానీ 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, రేబిస్ ఉన్నవీ, మనుషుల మీద పడేవీ తప్ప మిగతా కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి పట్టిన చోటే వదలాలని చెప్పింది. ఆ నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల వంటి చోట్ల కుక్కలను మాత్రం షెల్టర్లకు తరలించాలని ఆదేశించింది. న్యాయస్థానం మాటపై నేను వ్యాఖ్యానించను. లోపల పని చేసేవాడిగా నాకు తెలిసింది చెబుతాను. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. పది కుక్కలుండే గదిలో ముప్ఫై కుక్కలను కుక్కితే, ఆరోగ్యంగా వచ్చినవి కూడా నెలలోపు అంటుజబ్బుల గదికి చేరతాయి. గదులు, మనుషులు, టీకాలు ముందు ఏర్పాటు చేసుకోకుండా షెల్టర్ నింపడమంటే రోగాన్ని పెంచడమే.

జువ్వలదిన్నె వాళ్లకు, రేవుల దగ్గర బతికే అందరికీ నా విన్నపం. చేపల పేగులూ తలలూ ఒడ్డున గుట్టలుగా వదలకండి, గుంట తీసి పూడ్చండి. తిండి కుప్పలుగా ఉన్నచోట కుక్కలు పెరుగుతాయి, కొట్లాడుకుంటాయి, పుండ్లు పడతాయి. తెగిన గాలాలు ఇసుకలో పడేయకండి, ఎరతో పాటు మింగిన గాలాన్ని గొంతులోంచి తీయాలంటే ఆపరేషన్ కావాలి. ఊళ్లో పది కుక్కల్లో ఏడింటికి ఏటా రేబిస్ టీకా పడితే ఆ జబ్బు ఊళ్లో నిలవదు. ఇంట్లో కూనను పెంచుకునేవారు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ టీకా మొదలుపెట్టండి, డాక్టరు చెప్పినన్ని సార్లు వేయించండి.

ఇంజన్ ఆయిల్ పోసిన ఆ ఎర్ర కుక్కకు కావలి పట్టణం నుంచి మందు తెప్పించి, పెద్దాయన చేతికే ఇచ్చి వచ్చాను. వారం వారం చేపముక్కలో పెట్టి వేశాడు. ఉగాదికి ఫోన్ చేసి, బొచ్చు వచ్చిందని, చెవుల అంచుల్లో మాత్రం ఇంకా రాలేదని చెప్పాడు.

మీ వీధిలో కుక్క ఒక పూట తిండి మానేసినా, కూన వాంతి చేసుకున్నా, పుండు మీద ఈగలు వాలుతున్నా ఆ రోజే దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి చెప్పండి. సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరు ఉంది. అది ముఖ్యంగా పాడి పశువుల కోసం వచ్చిన ఏర్పాటే, అయినా ఫోన్ చేసి అడగండి. పంతొమ్మిది అరవై రెండు. రాసిపెట్టుకోండి.